చెయ్యి అందే ఎత్తు

పిచ్చుకా,

నువ్వు పంపిన నీళ్ళ మోటారు అందింది. దెబ్బ తగలకుండా పాత దుప్పటి చుట్టి ఎంత జాగ్రత్తగా కట్టావురా! మీ బావ దాన్ని ఒళ్ళో పెట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి సరుకే పంపాడు, వాడికి రాయి" అన్నారు. రాస్తున్నాను. కానీ కాగితం తీసింది అందుకోసం కాదు.

పెరట్లో చేపల తొట్టి కడుతున్నామని నీకు తెలుసు కదా. నేలలో గుంట తవ్వితే చక్రాల కుర్చీలోంచి ఆయనకి నీళ్ళు సరిగా కనబడవు. వంగి చూద్దామంటే ముందుకు తూలిపడతారు. అందుకని నేల మీద నుంచి గోడ లేపి కడదామన్నారు. ఎంత ఎత్తు ఉండాలో తేల్చడానికి మూడు రోజులు పట్టింది. అట్టపెట్టెలు పేర్చడం, పక్కన కుర్చీ ఆనించడం, చెయ్యి చాపించి చూడడం, మళ్ళీ ఒక పెట్టె తీసేయడం. చివరికి కుర్చీ చేతికి నాలుగు వేళ్ళు తక్కువగా ఖాయం చేశాం. మోచెయ్యి గోడ మీద ఉంటుంది, వేళ్ళు నీళ్ళలో ఉంటాయి. చెట్టు కింద నీడగా ఉంటుందని నేనంటే, "ఆకులు రాలి కుళ్ళితే చేపలు బతకవు" అని కొట్టిపారేశారు. వంటింటి కిటికీకి ఎదురుగా, మధ్యాహ్నానికి ఇంటి నీడ పడే చోట గీత గీయించారు.

ఇరవై ఏళ్ళు తాపీ పట్టిన మనిషి కుర్చీలో కూర్చుని చెబుతుంటే, ఏనాడూ ఇటుక ముట్టని నేను కడుతున్నాను. అడుగున కాంక్రీటు బాగానే కుదిరింది. "నీళ్ళు గోడని బయటికి తోస్తాయి, ఒంటి ఇటుక ఆగదు, జంట ఇటుక పేర్చు" అంటే అలాగే పేర్చాను. నాలుగో వరుస దగ్గర వచ్చింది గొడవ. రసమట్టం పెడితే బుడగ మధ్యలో నిలవలేదు. "తీసెయ్, మళ్ళీ వెయ్యి" అన్నారు. తీసి వేశాను. మళ్ళీ తీసెయ్ అన్నారు. మూడోసారి నాకు ఒళ్ళు మండిపోయింది. తాపీ విసిరికొట్టి, "తాగి బండి నడిపింది మీరు, ఇటుకలు మోసేది నేనా?" అన్నాను.

ఆ మాట నా నోటికి కొత్త కాదు. నాలుగేళ్ళుగా అంటూనే ఉన్నాను. పక్కబట్టలు మార్చేటప్పుడు అన్నాను. ఇక నడక రాదని డాక్టరు చెప్పిన రోజున ఆస్పత్రి వరండాలో పదిమంది వింటుండగా అన్నాను. అన్నప్పుడల్లా ఆయన తల దించుకునేవారు. ఈసారి దించలేదు.

"నడిపింది నేను కాదు" అన్నారు.

అనేసి, జారిన మాటని వెనక్కి తీసుకుందామన్నట్టు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నేను వదల్లేదు. గుచ్చి గుచ్చి అడిగి చెప్పించాను. నాలుగేళ్ళ కిందట బండి పడిన రాత్రి, నీ స్నేహితుడింట్లో భోజనాలయ్యాక, నేను నడుపుతానని తాళం లాక్కున్నది నువ్వు. తాగినది నువ్వు. నీ సీసా ఆయన భుజాన ఉన్న సంచిలో పగిలి ఆయన బట్టలన్నీ కంపు కొట్టాయి. బస్సు డ్రైవరుగా నీకు ఉద్యోగం కాగితం వచ్చి వారమే అయింది. పోలీసులు వస్తే ఆయన నేల మీద పడి ఉండి కూడా "నేనే నడిపాను" అన్నారట. నువ్వు పక్కన నిలబడి విన్నావట.

ఆయనకి పని నేర్పిన పెద్దమేస్త్రి ఆ తర్వాత మా గడప తొక్కలేదు. "తాగి బండెక్కినవాడు నా చేతికింద పని నేర్చుకున్నాడని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది" అని నలుగురిలో అన్నాడు. అది విన్నప్పటి నుంచి మీ బావ తన తాపీ సంచి విప్పలేదు. ఇప్పుడు, నా కోసం విప్పారు.

అమ్మ పోయాక నీకు తల దువ్వి, బొత్తాలు పెట్టి బడికి పంపినదాన్ని నేను. ఇది నిజమో కాదో ఒక్క మాట రాయి.

నీ
అక్క


తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాను. "బావే చెప్పొద్దన్నాడక్కా, తప్పు మీద వేసుకోమని నేను అడగలేదు" అని రాశావు. సరే, అడగలేదు. వద్దని కూడా అనలేదు కదా? నాలుగేళ్ళుగా ఈ ఇంటికి పండ్లు పంపావు, మందులు పంపావు, ఇప్పుడు మోటారు పంపావు. మనిషివి మాత్రం ఏడాదికి ఒకసారి వచ్చి, చెప్పులు విప్పీ విప్పకముందే బస్సుకి టైమైందని పారిపోయావు. పాపం, వాడికి పని ఎక్కువ అని నేనే అందరికీ సర్దిచెప్పేదాన్ని. ఎంత వెర్రిదాన్ని!

గోడ లోపల ప్లాస్టరింగ్ చేస్తూ ఆయన్ని అడిగాను, ఎందుకు చేశారీ పని అని. "మూలలు గుండ్రంగా తిప్పు, లేకపోతే అక్కడే పగుళ్ళొస్తాయి" అన్నారు. తిప్పాను. అప్పుడు మెల్లగా అన్నారు.

"వాడి వల్ల నేనిలా అయ్యానని తెలిస్తే నువ్వు వాడి మొహం చూడవు. వాణ్ని వదులుకుని నువ్వు ఉండలేవు. నామీదైతే కోపం తెచ్చుకుంటావు, తిడతావు, అయినా అన్నం పెడతావు."

విన్నావా? నేను దేన్ని భరించగలనో, దేన్ని భరించలేనో మీరిద్దరూ రోడ్డు మీదే తేల్చేశారు. నన్ను ఒక్క ముక్క అడగలేదు. నా కోపం నాది కదరా! దాన్ని తప్పు మనిషి మీద పోయించారు. నాలుగేళ్ళు, రోజూ, చెంబులతో పోశాను. ఆయన తడుస్తూ కూర్చున్నారు. నువ్వు అక్కడ పొడిబట్టలతో బస్సు నడుపుకున్నావు.

నీ భార్యకి ఏడో నెల అని, ఇప్పుడు బయటపెడితే తట్టుకోలేదని రాశావు. నీ భార్యకి చెప్పమనడం లేదు. ఇంకెవరికీ చెప్పమనడం లేదు. ఒక్క పెద్దమేస్త్రి దగ్గరికి వెళ్ళి, బండి నడిపింది నేనని నీ నోటితో చెప్పు. ఆ పెద్దాయన మా గుమ్మంలోకి వస్తే చాలు.

ప్లాస్టరింగ్ పది రోజులు తడపాలి. ఆ తర్వాత నీళ్ళు నింపి, సిమెంటు ఘాటు వదిలేదాకా మూడుసార్లు తోడి పారబోయాలి. చేపలు వేసేలోగా వెళ్ళిరా. వెళ్ళకపోతే నీకు అక్క లేదనుకో. మీ బావ ఈ ఉత్తరం రాయొద్దన్నారు. ఇన్నాళ్ళూ ఆయన మాట నువ్వు విన్నావు, చాలు.

అక్క


ఒరేయ్ పిచ్చుకా,

నాలుగు రోజుల కిందట నువ్వు చేపల సంచి పట్టుకుని గేటు బయట నిలబడితే, లోపలికి రమ్మనకుండా "వెళ్ళావా?" అని అడిగాను. తల అడ్డంగా ఊపావు. సంచి నా చేతిలో పెట్టి వచ్చిన దారినే వెళ్ళిపోయావు. నీ వీపు వీధి చివర కనబడినంతసేపూ పిరికిపంద అని తిట్టాను. మీ బావ వింటారని కూడా చూడలేదు.

మర్నాడు ఉదయం పెద్దమేస్త్రి వచ్చాడు. బాగా ముసలాడైపోయాడు. మీ బావని పలకరించకుండా ముందు తొట్టి దగ్గరికి వెళ్ళాడు. గోడ చుట్టూ తిరిగి, వేలి కణుపులతో తట్టి, చెవి ఆనించి విన్నాడు.

"ఎవరు కట్టారు?"

"నేను" అన్నాను.

"నాలుగో వరుస మీద బాగా కష్టపడ్డట్టున్నావు" అన్నాడు.

అప్పుడు కుర్చీ దగ్గరికి వచ్చి, మీ బావ తల మీద చెయ్యి పెట్టాడు. తర్వాత చెప్పాడు. నువ్వు మా గేటు దగ్గర నుంచి తిన్నగా వాళ్ళు పని చేస్తున్న చోటికి వెళ్ళావట. ఇరవైమంది కూలీల ముందు నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పావట. "రెండు తగిలించాను. నిలబడి తిన్నాడు" అన్నాడు పెద్దమేస్త్రి. నాకు ఏడుపు ఆగలేదు. మీ బావ మొహంలో ఎన్నాళ్ళకో వెలుగు చూశాను. చేత్తో నీళ్ళు కదిపి చేపల్ని చూపిస్తూ, పిల్లాడిలా ఏదేదో చెప్పడం మొదలుపెట్టారు.

అక్కడితో ఆగిపోతే ఎంత బాగుండేది! పెద్దమేస్త్రి లేవబోతూ, "ఆ పొద్దున్నే బస్సు డిపోలో కూడా నిజం రాసిచ్చొచ్చానని చెప్పాడు. కబురు చేసేదాకా రావద్దని ఇంటికి పంపించేశారట" అన్నాడు.

మీ బావ చెయ్యి నీళ్ళలో అలాగే ఆగిపోయింది. పెద్దమేస్త్రి వెళ్ళాక నావైపు చూసి అడిగారు.

"వాడి ఉద్యోగం పోతే, మరి నా నడుం ఎందుకు పోయినట్టు?"

అది నేను అడగలేదురా. ఒక్క ముసలాయన దగ్గరికి వెళ్ళమన్నాను, అంతే. నువ్వు ఎప్పుడూ ఇంతే. చెయ్యవు, చేస్తే మోయలేనంత చేస్తావు. ఇవాళ్టికి మూడు రోజులు, మీ బావ నాతో సరిగా మాట్లాడడం లేదు. కోపం కాదు. ఆయన దగ్గర ఉన్న ఒకే ఒక్క సమాధానం నేను లాగేసుకున్నాను. నువ్వు బాగున్నావు అనుకుని ఆయన ఆ కుర్చీలో కూర్చోగలిగారు. నిజం చెప్పిస్తే ఆయన మర్యాద తిరిగొస్తుందనుకున్నాను. వచ్చింది. ఇప్పుడు అది పెట్టుకుని ఏం చేసుకోవాలో మా ఇద్దరికీ తెలియడం లేదు.

నేనన్న మాటలకి క్షమించమని నిన్న ఆయన కాళ్ళు పట్టుకున్నాను. పట్టుకున్నట్టు ఆయనకి తెలియలేదు. పైకి చూసి నేనే చెప్పుకోవాల్సి వచ్చింది.

నిన్ను క్షమించానని రాయను. అబద్ధం రాసి రాసి మన ఇంట్లో సిరా అయిపోయింది. కానీ ఆయన అడిగిన దానికి జవాబు నా దగ్గర లేదు. నువ్వు వచ్చి ఎదురుగా కూర్చో. తిడతారు, తిట్టనీ. ఏడిస్తే ఏడవనీ. నీ భార్యని కూడా తీసుకురా, ఇల్లు గడవకపోతే ఇక్కడే ఉండండి.

ఈసారి గేటు దగ్గర ఆగితే మాత్రం నేనే వచ్చి చెవి పట్టుకుని లాక్కొస్తాను.

అక్క