ఉడుత కోసం ఆరు వారాలు

ఇరవై నాలుగో తారీఖు, గురువారం, పొద్దున

చిరంజీవి తమ్ముడికి,

అన్నయ్య ఆశీస్సులు. ఇక్కడ నేను క్షేమం. అంటే మోకాళ్ళూ, చూపూ, నోరూ ఎప్పటిలాగే ఉన్నాయి. మూడోది కాస్త ఎక్కువగా పనిచేస్తోంది. అక్కడ మీరిద్దరూ క్షేమమని తలుస్తానని రాయడం ఆనవాయితీ. మరదలి తుంటి సంగతి తెలిసి అలా రాస్తే అబద్ధమవుతుంది. ఈ ఉత్తరంలో అబద్ధాలు రాయకూడదని కూర్చున్నాను కాబట్టి క్షేమ సమాచారాలు ఇంతటితో ఆపుతున్నాను.

మొన్న ఫోనులో నా మాట పూర్తి కాకుండానే పెట్టేశావు. ఉత్తరాన్ని మధ్యలో పెట్టేయలేవు. చింపేయగలవనుకో, అది వేరే సంగతి. చింపేముందు చివరిదాకా చదువు. నీకు అక్షరాలు నేర్పినవాడిగా ఆ మాత్రం అడిగే హక్కు నాకుంది.

కావలసింది ముందే చెప్పేస్తాను. ఒకటో తారీఖున మన ఇల్లు కొంటున్న మందుల షాపాయన మిగతా డబ్బు చేతిలో పెట్టి, పనివాళ్ళని పంపి అటక విప్పించబోతున్నాడు. వాళ్ళని ఆరు వారాలు ఆగమని చెప్పు. అటక మీద ఉడుత పిల్లల్ని పెట్టింది.

ఇక్కడ నువ్వు నవ్వుతావని నాకు తెలుసు. ఫోనులోనూ నవ్వే పెట్టేశావు. "అన్నయ్యా, పాము అయిపోయింది, గబ్బిలాలు అయిపోయాయి, ఇప్పుడు ఉడుతా? ఇక చీమ ఒక్కటే మిగిలింది" అన్నావు. బాగా అన్నావు. కోపం వచ్చింది కానీ, మాట బాగుందని ఒప్పుకోక తప్పదు. మనింట్లో వెటకారం నాకొక్కడికే వచ్చిందనుకుంటూ ఇన్నేళ్ళు గడిపాను.

నీ లెక్కలో తప్పులేదు. మొదట కొనడానికి వచ్చిన రిటైర్డు ఇంజనీరుకి వెనక గదిలో పాముందని చెప్పింది నేనే. కుబుసం కూడా చూపించాను. అది ఎక్కడినుంచి తెచ్చానో నీకిప్పుడు అనవసరం. ఆయన చెప్పులు వేసుకోకుండానే వీధిలోకి వెళ్ళిపోయాడు. తర్వాత వచ్చిన స్కూలు వాళ్ళకి గబ్బిలాల కథ చెప్పాను. అప్పటికి ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గబ్బిలం నేనే. రెండుసార్లు పులి వచ్చిందని అరిచినవాడికి మూడోసారి ఉడుత వచ్చింది. నమ్మమని ఏ మొహం పెట్టుకుని అడగను? అందుకే మొహం కనబడని పద్ధతి ఎంచుకున్నాను.

జరిగింది చెప్తాను. ఈ నెల మొదట్లోనే నేను అటక ఖాళీ చేయడం మొదలుపెట్టాను. అవును, నేనే, ఎవరూ అడక్కుండానే. మనింట్లో నేను నడిపిన అద్దె పుస్తకాల లైబ్రరీ మూసేసిన రోజు నువ్వు కొలిచే టేపు పట్టుకుని వచ్చావు చూడు, అన్నం తిన్నావా అని కూడా అడక్కుండా గోడలు కొలిచావు. ఆ రోజునుంచి ఈ ఇంట్లో గుండుసూది కూడా కదలనివ్వనని పంతం పట్టాను. మరదలు నాకు తాళంకప్ప అని పేరు పెట్టిందని కూడా తెలుసు. పేరు పెట్టడంలో ఆవిడకి మంచి చెయ్యి. కానీ పోయిన నెలాఖరున పండక్కని కాదు, పబ్బానికని కాదు, ఊరికే మీ ఫ్లాటుకి వచ్చినప్పుడు ఆవిడ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని మూడంతస్తుల కింద కూరగాయల బండివాడితో బేరమాడటం చూశాను. తాడుకి బుట్ట కట్టి దించుతోంది. వాడు పుచ్చు వంకాయలు వేస్తే పైనుంచే తిడుతోంది. తుంటి విరిగాక ఆవిడ ఆ మూడంతస్తులూ దిగి నేలమీద కాలు పెట్టలేదని అప్పుడర్థమైంది. ఈ ఇల్లు అమ్మిన డబ్బుతో తీసుకుందామని మీరు చూసిన కిందిపోర్షను ఇంటివాడు ఒకటో తారీఖు దాటితే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడని నువ్వు చెబితే అంతకుముందు చెవికెక్కలేదు. ఆ బుట్ట చూశాక ఎక్కింది.

వచ్చిన మర్నాడే నిచ్చెన వేసుకున్నాను. మూడు రోజులు పాత పుస్తకాలు దించాను. నాలుగో రోజు మధ్యాహ్నం ఫ్యాను ఆగిపోయింది. ఎలక్ట్రీషియన్ వచ్చి అటకమీది వైరు ఏదో కొరికేసిందని, ఇలాగే వదిలేస్తే నిప్పు పుడుతుందని చెప్పి, ఆ లైను తీసేసి పోయాడు. చూస్తే గోడకీ పైకప్పు రేకుకీ మధ్య చారెడు సందు. ఉడుత అందులోంచి దూరి, మూలనున్న పెట్టెలో పుస్తకాలు చింపి గూడు కట్టుకుంది. ఏ పుస్తకమో తెలుసా? మన వీధి చివరి కవిగారు పాతిక కాపీలు ఉచితంగా ఇచ్చి, అద్దెకి ఎందుకు పోవడంలేదని ప్రతివారం వచ్చి నన్ను సతాయించేవాడే, ఆయన సంపుటి. ఇన్నేళ్ళలో మొదటిసారి ఆ పుస్తకం ఒక ప్రాణికి వెచ్చదనాన్నిచ్చింది. ఆయన బతికుంటే కబురు పెట్టేవాణ్ణి.

ఆ ఉడుత బయటికి పోయిన వేళ చూసి సందుకి రేకుముక్క పెట్టి మేకులు కొట్టేశాను. పని అయిపోయిందనుకున్నాను. కాలేదు. అది తిరిగొచ్చింది. రేకు చుట్టూ తిరిగి, పళ్ళతో కొరికి, గోళ్ళతో గీకి, కిటికీ ఊచలమీదికి దిగి నా మొహంలోకి చూసి అరిచింది. ఉడుత అరుపంటే కిచకిచ అని రాస్తారు రచయితలు. ఒక్కడూ విని రాయలేదు. అది రంపం కోసినట్టుంటుంది. పొమ్మని చేతిలోని పత్రిక ఊపాను. పోలేదు. మనిషంటే భయపడే జంతువు నా చెప్పుదాకా వచ్చింది. అప్పుడు అటక మీదినుంచి సన్నగా, ఈల వేయడం రాని పిల్లాడు వేసినట్టు, చప్పుడు వినిపించింది. పటకారు తెచ్చి పీకడం మొదలుపెట్టాను. మేకులు కొట్టినంత సులువుగా రావు కదా. బొటనవేలు చీరుకుపోయింది. రేకు ఊడగానే అది నా చేతిమీదినుంచే లోపలికి దూకింది.

నేను చదివిన వేల పుస్తకాల్లో రాజుల్ని ఎలా గద్దె దించాలో ఉంది, ఉడుతని అటక ఎలా దించాలో లేదు. పశువుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. చిన్నప్పుడు డిటెక్టివ్ నవలలు తీసుకెళ్ళి ఆఖరి పేజీలు మడతపెట్టి తెచ్చేది, గుర్తుందేమో. నన్నిప్పటికీ లైబ్రరీ అంకుల్ అనే పిలుస్తుంది. నేనెవరికీ అంకుల్ని కానంటే వినదు. తల్లిని బోనులో పట్టి ఊరవతల వదిలేస్తే సరిపోతుందా అని అడిగాను.

"తల్లి ఊరవతలా, పిల్లలు అటక మీదా. అంకుల్, ఇందులో మీరు దయ చూపించింది ఎవరికి?" అంది.

పిల్లల్ని చేత్తో తీస్తే చలికి పోతాయట. వాటికి పాలు పట్టడం నావల్లా కాదు, తనవల్లా కాదట. కళ్ళు తెరిచి, తల్లి వెంట గోడ దిగడం నేర్చుకునేదాకా ఆగడమొక్కటే మార్గమంది. ఆ తర్వాత సందుకి చిన్న రేకు తలుపు వేలాడదీయాలి. లోపలినుంచి తోస్తే తెరుచుకోవాలి, బయటినుంచి తెరుచుకోకూడదు. అన్నీ వెళ్ళిపోయాయని రెండు మూడు రోజులు చూసుకుని అప్పుడు సందు పూడ్చేయాలి. వైర్లు గొట్టంలో వేయించాలి. ఆ తలుపు తయారుచేసి ఉంచాను. పాత బీరువా తలుపు బందుతో చేశాను. నువ్వొచ్చి ఊపి చూసుకోవచ్చు. ఈలోగా ఊరికే ఎక్కి తొంగిచూడొద్దని కూడా చెప్పింది.

మందుల షాపాయనకి ఫోను చేసి ఇదంతా వివరించాను. ఆయన ఓపిగ్గా విని, "రెండు జిగురు అట్టలు పంపిస్తాను పెద్దాయనా, రాత్రి పెడితే పొద్దున్నకి సరి" అన్నాడు. పంపించాడు కూడా. జబ్బులకి మందులమ్మేవాడు. ఆ అట్టలు నా మంచం కింద ఉన్నాయి. అంటుకున్నది చచ్చేదాకా పీక్కుంటూనే ఉంటుందని వాటిమీద ఎక్కడా రాయలేదు. కంపెనీ పేరు మాత్రం బంగారు రంగులో రాశారు.

అప్పుడు నీకు ఫోను చేశాను. నువ్వు చీమ మాట అన్నావు. నువ్వు పెట్టేసే లోపల వెనకనుంచి మరదలి గొంతు వినిపించింది. నాకు వినబడాలనే అందని నా నమ్మకం.

"ఉడుత పిల్లలకి గోడ దిగడం వచ్చేదాకా ఆగాలట. నేను మెట్లు దిగడం ఎప్పుడో బావగారినే అడగండి."

నాలుగు రోజులనుంచి ఆ ప్రశ్నకి జవాబు వెతుకుతున్నాను. ఆవిడ తుంటి విరిగి ఇంట్లో పడి ఉండటానికీ నాకూ సంబంధం లేదని వాదించవచ్చు. కానీ ఇంజనీరుకి ఇల్లు అమ్మి ఉంటే ఆవిడ మీ ఫ్లాటు మెట్లమీద జారి పడే నాటికి మీరు కిందిపోర్షనులోనే ఉండేవాళ్ళు. ఈ లెక్క నువ్వెప్పుడూ నా మొహంమీద చెప్పలేదు. చెప్పి ఉంటే నీతో పోట్లాడి బయటపడేవాణ్ణి. చెప్పకుండా ఉండి నన్ను గట్టి దెబ్బే కొట్టావు.

ఒకవైపు ఆవిడ, ఒకవైపు ఉడుత పిల్లలు. ఇలా తూకం వేసి అడగడం సిగ్గుచేటని తెలుసు. ఆ కిందిపోర్షను ఇంటివాడి దగ్గరికి నేను వెళ్తాను. కావాలంటే కాళ్ళు పట్టుకుంటాను. నా జీవితంలో ఆ పని చేయలేదు కాబట్టి ఎలా చేస్తానో చూడటానికైనా ఒప్పుకుంటాడేమో. నా సంగతి ఆలోచించకు. వెనక వీధిలో గది మాట్లాడుకున్నాను. మీ కొత్త ఇంట్లో నాకో గది ఉందని నువ్వన్న మాట గుర్తుంది. నువ్వు అన్నప్పుడు మరదలు మొహం ఎటు తిప్పుకుందో అదీ గుర్తుంది.

నన్ను నమ్మమని అడగడంలేదు. వచ్చి చూడమంటున్నాను. నిచ్చెన పట్టుకుంటాను, నువ్వే ఎక్కి చూడు. చిన్నప్పుడు ఆ అటకెక్కాలని ఏడిస్తే నిన్ను భుజాలమీద నిలబెట్టింది నేనే. అప్పుడు నీకు నా మీద నమ్మకం ఉండేది. దాన్ని నేను పాముకి కొంత, గబ్బిలాలకి కొంత ఖర్చుపెట్టాను. నిజమైనది వచ్చేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు.

ఆరు వారాలు. అంతే. తర్వాత నోరెత్తను.

మరదలికి నా ఆశీస్సులు చెప్పు. వద్దంటే చెప్పకు.

ఇట్లు,
మీ అన్నయ్య

తా.క. ఉత్తరం మడతపెట్టి కవరుకి జిగురు రాస్తుండగా కిటికీ బయట కదలిక కనిపించింది. ఉడుత సందులోంచి వచ్చింది, మెడకి మఫ్లరు చుట్టుకున్నట్టు పిల్లని నోట కరుచుకుని. కేబుల్ వైరుమీద నడుచుకుంటూ ఎదుటి వరస దర్జీ కొట్టు బోర్డు వెనక్కి వెళ్ళింది. తిరిగొచ్చింది. అలా మూడింటిని తీసుకుపోయింది. తర్వాత మరోసారి వచ్చి, లోపల కాసేపు ఉండి, ఖాళీ నోటితో వెళ్ళిపోయింది. ఒక్కటీ మిగిలిపోలేదు కదా అని చూసుకుంది కాబోలు. నిచ్చెనెక్కి టార్చి వేశాను. కవిగారి కాగితాలు తప్ప ఏమీ లేవు.

డాక్టరమ్మకి ఫోను చేస్తే, "రోజూ ఎక్కి చూశారా అంకుల్?" అని అడిగింది. రోజూ చూశాను. పాలు తాగుతున్నాయో లేదోనని. మీ చూపు పడలేక మార్చుకుందిలెండి, తల్లి దగ్గరే ఉన్నాయి, ఫరవాలేదు అంది. నాకు ఫరవా ఉంది కానీ ఆమెతో చెప్పలేదు.

ఇది చూసింది నేనొక్కణ్ణే. ఈ తాజాకలం చింపేసి పై ఉత్తరం పోస్టు చేస్తే, నువ్వు వచ్చేసరికి గూడూ చింపిన కాగితాలూ చూపించి ఆరు వారాలూ సంపాదించేవాణ్ణి. కాసేపు అదే ఆలోచించాను. ఇంకో మాట కూడా ఉంది. డాక్టరమ్మ చెప్పింది నాలుగు వారాలే. మిగతా రెండూ నా కోసం కలిపాను.

ఒకటో తారీఖుకే పనివాళ్ళని రమ్మను. సందు ఇవాళే మూసేస్తున్నాను. కిందిపోర్షను ఇంటివాడికి ఖాయమని చెప్పెయ్యి. మరదలికి మాత్రం నేను ఒప్పుకున్నానని చెప్పకు, ఉడుత ఖాళీ చేసిందని చెప్పు. నా మాటైతే నమ్మదు.