విరగని బోర్డు

ములకలపల్లి, ఆదివారం రాత్రి

ఈ రోజు మా గ్యాలరీ వెనక, మాతో స్కేటింగ్ చేసే సమ్మక్క తన స్కేట్‌బోర్డును బండరాయితో కొడుతూ నాకు దొరికిపోయింది. మా గోడ మీద విరిగిన బోర్డులే వేలాడాలి. తొక్కి తొక్కి విరగ్గొట్టినవాళ్లే వాటి మీద బొమ్మ వేయాలి. దోస్తులం కలిసి గ్యాలరీ కోసం ఈ పాత పత్తి గోదాం కిరాయికి తీసుకున్ననాడు ఆ నియమం పెట్టింది నేనే. ఒళ్లు మండిపోయింది.

"దొంగతనంగ ఇరగ్గొడ్తవా? సిగ్గులేదా?"

"ఏం జెయ్యాలన్నా, నా బరువుకు ఇది ఇరగదాయె. రేపు నర్సింగ్ హాస్టల్‌కు పోతున్న. నా బొమ్మ ఒక్కటన్న ఈడ ఉండొద్దా? గోడ అందరిదని కరపత్రం రాసినవ్ గదా, గదంత ఉత్త ముచ్చటేనా?"

బోర్డు తిప్పి చూశాను. అడుగున ఇప్పపూలు ఏరుతున్న వాళ్లమ్మ బొమ్మ. రాయి దెబ్బకు భుజం దగ్గర రంగు లేచింది.

గోడ మధ్యలో ఉన్న నా బోర్డు తీసి, ఆమెది తగిలించాను. చక్రాలు విప్పబోతే చెయ్యి పట్టుకుంది.

"ఉండనియ్యన్నా. సెలవులకొస్తే తొక్కుత."

నియమం ఏమైందని రేపు అందరూ అడుగుతారు. ఏం చెప్పాలో... ఆ హాస్టల్లో సమ్మక్క ఎవరితో పోట్లాడుతుందో.

తాళం వేసే ముందు ఒక చక్రాన్ని వేలితో తిప్పాను. చాలాసేపు తిరిగింది.