దానికి నాలుగే

ఆగస్టు 12, సోమవారం

ముందే చెప్పేస్తున్నాను. నా అక్షరాలు వంకరటింకరగా ఉంటాయి. ఏ వత్తు ఎక్కడ పెట్టాలో తెలియక కొన్నిచోట్ల మానేస్తాను. ఎవరైనా చదివితే క్షమించాలి.

ఎవరూ చదవరులే. మా ఆయన ఇక్కడే భిలాయిలో పుట్టి హిందీ బడిలో చదివారు, తెలుగు అక్షరం రాదు. అత్తగారికి చూపు ఆనదు. చదివేది మామగారొక్కరే. ఇక్కడ తెలుగు పేపరు రాదు కాబట్టి, మా ఊరి నుంచి పచ్చడి సీసాకు చుట్టి వచ్చిన నూనె కాగితాన్ని కూడా అరచేత్తో సాపు చేసుకుని చివరిదాకా చదువుతారు. నా డైరీతో ఆయనకేం పని? బియ్యం డబ్బా వెనక పెడతాను.

నాకు మనుషుల ముందు మాట నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. రాస్తే ఆగడం లేదు. అందుకే రాస్తున్నాను.

ఇవాళ ఆయన మిఠాయి తెచ్చారు. టెంట్ హౌస్ సామాను లాగడానికి, జీపు వెనక తగిలించుకునే ట్రాలీ ఒకటి కొన్నారట. పాతదే. చరోదాలో ఎవరిదో ఉంటే మధ్యలో ఒక మనిషి కుదిర్చిపెట్టాడట. జాముల్‌లో షెడ్డులో ఉంచారు. వినాయక చవితి పందిళ్ళ పని అందుకోవాలట. నేనింకా చూడలేదు. పేడా మాత్రం బాగుంది.

ఆగస్టు 14, బుధవారం

ఆయన తెలుగు వింటే మొదట్లో నవ్వు వచ్చేది. మనిషికీ వస్తువుకీ తేడా లేదు, అన్నిటినీ అది అనేస్తారు. నిన్న అమ్మ గుడి నుంచి వచ్చిందా అని అడగడానికి, అది వచ్చేసిందా అన్నారు. అత్తగారు గుమ్మంలోనే ఉన్నారు. ఓరి నీ నోరు పడిపోను, అదేటిరా అది, నానేటి మేకనా అన్నారు. నేను వంటింట్లోకి పరుగెత్తి నవ్వుకున్నాను.

ఆగస్టు 16, శుక్రవారం, సాయంత్రం

వ్రతం బాగా జరిగింది. అందరూ వెళ్ళిపోయాక పళ్ళేలు కడుగుతున్నాను. ఆయన వరండాలో ఫోన్లో మాట్లాడుతున్నారు. చరోదా స్నేహితుడితో అనుకుంటాను, సగం హిందీ, సగం తెలుగు. వినాలని వినలేదు. కొళాయి కట్టేసరికి వినబడింది.

దాంతో నాకు జోడీ కుదరడం లేదు యార్ అన్నారు. చిన్నది. నేనెటు పోతే అటు రాదు. వెనకాల అటూ ఇటూ ఊగుతూ వస్తుంది. చూడ్డానికి నచ్చి తెచ్చుకున్నాను, లోపల ఏముందో చూసుకోలేదు అన్నారు.

తర్వాత కాసేపు అవతలివాళ్ళు మాట్లాడినట్టున్నారు. ఈయన గట్టిగా అన్నారు. అరె, ఐదు ఉండాలి, దానికి నాలుగే ఉన్నాయి! మధ్యలో ఉన్నవాడు మోసం చేశాడు. వాపస్ పంపించేస్తా.

పళ్ళెం చేతిలోంచి జారింది. ఏమైంది అని లోపలికి తొంగి చూశారు. ఏం లేదన్నాను.

నాలుగు ఏమిటి?

ఆగస్టు 17, శనివారం

నాలుగు ఏమిటో తెలిసిపోయింది.

ఆగస్టు 18, ఆదివారం

రాయకూడదనుకున్నాను. కాని ఎవరికి చెప్పుకోను?

నేను చదివింది నాలుగో తరగతి. ఐదులో కూర్చున్నాను గాని, వానలు తగ్గకముందే అమ్మతో జీడిపిక్కల బట్టీకి వెళ్ళిపోయాను. పెళ్ళిచూపుల్లో మధ్యవర్తిగా వచ్చిన మా పెదమామయ్య, పిల్ల ఐదు పాసయ్యింది బాబూ అని చెప్పాడు. ఐదుకీ నాలుగుకీ తేడా ఏముందిలే అని వస్తూ దారిలో మా నాన్నతో అన్నాడట. నేను తల వంచుకునే ఉన్నాను. అప్పుడు తల ఎత్తి చెప్పాల్సింది.

ఐదు ఉండాలి, నాలుగే ఉన్నాయి. మధ్యలో ఉన్నవాడు మోసం చేశాడు. ఇంకేం మిగిలింది?

చిన్నది అంటే, ఆయన భుజానికి కూడా అందను. వెనకాల ఊగుతూ వస్తుంది అంటే, సుపేలా బజారులో ఆయన ముందు గబగబా నడుస్తుంటే సంచి బరువుకు నేను అలాగే నడుస్తాను. ఒకసారి ఆయన కుడికి తిరిగితే నేను జనంలో చూసుకోక ఎడమకు పోయాను. ఎంతసేపు వెతికారో. ఆ రోజు ఏమీ అనలేదు. మనసులో పెట్టుకున్నారన్నమాట.

కాని ఇవాళ బజారులో సంచి ఆయనే పట్టుకున్నారు. పానీపూరీ తింటావా అని అడిగారు. పంపించేసే మనిషికి పానీపూరీ ఎందుకు పెడతారు? నాకేమీ అర్థం కావడం లేదు.

ఆగస్టు 20, మంగళవారం, మధ్యాహ్నం

మళ్ళీ ఫోను. ఈసారి మామగారు కూడా పక్కనే ఉన్నారు. ఇద్దరూ దాని గురించే.

ఎక్సిలు అనే మాట చాలాసార్లు వచ్చింది. దానికి ఎక్సిలు సరిగా లేదట. ఎక్సిలు మారిస్తే నడుస్తుందేమో అని మామగారు. ఎక్సిలు మార్చడం కంటే వాపస్ చేయడమే మేలు అని ఈయన. శనివారం దాకా గడువు ఉందట. ఒరే, తెచ్చుకున్నాక ఓపిక పట్టాలిరా, మనకి తగినట్టు సేసుకోవాల అని మామగారు. నాకు కళ్ళు నిండాయి. ఒక్కరైనా నా పక్షాన ఉన్నారు.

ఎక్సిలు అంటే ఏమిటో తెలియదు. సర్టిఫికెట్టేమో. మనిషి గుణమేమో. నాకు ఉందో లేదో కూడా తెలియదు.

అత్తగారిని అడుగుదామని వెళ్ళాను. బీరకాయ చెక్కు తీస్తూ, ఏటమ్మా అలాగున్నావు, ముఖం పీక్కుపోయింది, ఏటైనా ఇసేసమా అని నవ్వారు. సిగ్గేసి వచ్చేశాను.

ఆగస్టు 21, బుధవారం

వాళ్ళు పంపించేదాకా ఎందుకు? సోంపేటలో ఉన్న మా అన్నయ్య సతీష్‌కుమార్‌కి ఫోన్ చేశాను. వచ్చి నన్ను తీసుకుపో అన్నాను. ఎందుకే అంటే ఊరికే అన్నాను. ఊరికే అయితే ఏడుపెందుకే అన్నాడు. శనివారం పొద్దునకి ఉంటానన్నాడు.

రెండు చీరలు సంచిలో పెట్టాను. పెళ్ళి చీర ఇక్కడిదే, బీరువాలో వదిలేశాను. ఆయన చొక్కాకు ఊడిన గుండీ ఉంటే కుట్టాను. పోయేదాన్ని, ఎందుకు కుట్టానో నాకే తెలియదు.

ఆగస్టు 22, గురువారం

ఇవాళ ఒక వింత జరిగింది.

భోజనాల దగ్గర ఆయన, అది శనివారం తేలిపోవాలి పాపా అన్నారు. ఆయన మామగారిని హిందీవాళ్ళలా పాపా అంటారు. మామగారు ముద్ద ఆపేశారు. ఆ పెద్దాయన గట్టిగా మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు. అలాంటిది ఇవాళ, ఒరే మనోజూ, అది అది అనీసి అనకు, ట్రాలీ అను అని కేకేశారు. ఆడమనిసినీ అదే అంటావు, బండినీ అదే అంటావు, ఇన్నోలకి ఏటి తెలుస్తాది? ఏదీ, అను, ట్రాలీ!

ఈయన బిత్తరపోయి ట్రాలీ అన్నారు.

ట్రాలీ చక్రానికి ఎన్ని బోల్టులురా? నాలుగు. జీపు చక్రానికి? ఐదు. గట్టిగా సెప్పు! ఐదు పాపా, ఐదు, ఏమైంది మీకు అని ఈయన.

బడిలో ఎక్కం అప్పజెప్పించినట్టుంది. అత్తగారు, ముసలాయనకి బీపీ పెరిగినట్టుంది, పులుసు ఎయ్యకమ్మా అన్నారు.

మామగారు నా వైపు చూడనే లేదు. చెయ్యి కడుక్కుంటూ, రేపు అమ్మాయిని జాముల్ తీసుకెల్లి బండి సూపించు, ఇంటి మనిసి సూడకుండా కొంటారేటి అన్నారు.

నాలుగు బోల్టులు. నాలుగు. ఐదు.

నమ్మవచ్చా, లేక నా కోసం కప్పిపుచ్చుతున్నారా? డైరీ బియ్యం డబ్బాకు ఇటుపక్క ఉంది. నేనే మరిచి పెట్టి ఉంటాను.

ఆగస్టు 23, శుక్రవారం

చూశాను.

షెడ్డు బయట బురదలో నిలబడి ఉంది. నీలం రంగు, పక్కన తెల్లటి పువ్వులు వేసి ఉన్నాయి. నిజంగానే చూడ్డానికి బాగుంది. చక్రాలు మాత్రం చిన్నవి. ఒక్కో చక్రం మధ్యలో బోల్టులు లెక్కపెట్టాను. నాలుగు. అటువైపు వెళ్ళి మళ్ళీ లెక్కపెట్టాను. నాలుగు. జీపు చక్రానికి ఐదు. ఈయన నవ్వుతున్నారు, ఎన్నిసార్లు లెక్కపెడతావ్ అని.

అంతా చెప్పారు. ఈయన ఇంతసేపు నాతో మాట్లాడటం ఇదే మొదలు. జీపుకు ఒక స్టెప్నీ, అంటే అదనపు చక్రం, ఉంటుంది. ట్రాలీ చక్రం పంక్చరైతే ఆ స్టెప్నీ దీనికి ఎక్కదు, ఐదు కన్నాల చక్రం నాలుగు బోల్టుల మీద ఎలా కూర్చుంటుంది? రెండో స్టెప్నీ మోసుకు తిరగాలి. ఇంకోటి, ట్రాలీ రెండు చక్రాల మధ్య వెడల్పు జీపుకంటే తక్కువ. వానకు మట్టిరోడ్డులో జీపు చేసిన గాడిలో ఒక చక్రం దిగితే రెండోది గట్టు మీద ఉంటుంది. ఊగుతుంది. కుర్చీలన్నీ జారిపోతాయి. చెయ్యి ఇటూ అటూ ఊపి చూపించారు.

ఎక్సిలు అంటే రెండు చక్రాలనూ కలిపే ఇనపకడ్డీ. అంతే. ఎడ్లబండికి మా తాత వేయించేది అదే. దానికి మా ఊళ్ళో ఏదో మాట ఉంది, నాలుక చివర ఉంది, రాలేదు.

అడగలేక అడగలేక అడిగాను. మరి దాన్ని పంపించేస్తారా?

ఈయన ట్రాలీ మీద చెయ్యి వేసి నిమిరారు. నహీ. పాపా చెప్పింది నిజమే. పాత జీపు ఎక్సిలు ఒకటి దొరికింది, వెడల్పు అదే, బోల్టులు ఐదే. అది వేస్తే నాతోనే నడుస్తుంది. ఇష్టపడి తెచ్చుకున్నా, ఎందుకు పంపిస్తా అన్నారు.

ట్రాలీ గురించే అన్నారు. నాకు తెలుసు. అయినా చెవులు వేడెక్కాయి.

ఆగస్టు 24, శనివారం

అన్నయ్యకు రావద్దని చెప్పడం మరిచిపోయాను!

పొద్దున్నే స్టేషన్ నుంచి నేరుగా వచ్చాడు. కళ్ళు ఎర్రగా, చేతిలో ఒక గుడ్డసంచి. గుమ్మంలోనే, ఏటి జరిగింది, ఎవలేటన్నారు అన్నాడు. ఈయన అతన్నీ నన్నూ చూస్తున్నారు. నాకు భూమి బద్దలైతే బాగుండు అనిపించింది.

లోపల్నుంచి మామగారు వచ్చారు. నానే రమ్మన్నానురా అని ఈయనతో అన్నారు. చవితి పని మీద పడింది, ఎక్సిలు ఎక్కించడానికి ఒక బలమైన సెయ్యి కావాల. ఏం బావూ, టీ తాగుతావా?

అన్నయ్య నా వైపు చూశాడు. నేను తల ఊపాను. ఎందుకు ఊపానో, మామగారు ఎందుకు అబద్ధమాడారో, ఆయనకు ఎలా తెలుసో.

మగవాళ్ళు ముగ్గురూ జాముల్ వెళ్ళి చీకటి పడ్డాక గ్రీజు చేతులతో వచ్చారు. పెద్ద చక్రాలు పెట్టేసరికి ట్రాలీ ఎత్తయిపోయి, జీపుకు తగిలిస్తే ముక్కు కిందికి వాలిందట. మళ్ళీ విప్పి ఎక్సిలును స్ప్రింగుల పైకి ఎక్కించారట, అప్పుడు సమంగా నిలబడిందట. అన్నయ్య, బావ పనోడే గాని తెలుగే రాదు, బోల్టుని కూడా ఇది అది అంటాడు అని నవ్వాడు. సంచిలో చీరలు తీసి మళ్ళీ బీరువాలో పెట్టాను. ఎవరూ చూడలేదు.

ఆగస్టు 25, ఆదివారం

కుర్చీలతో మొదటి ట్రిప్పు వెళ్ళింది. వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూశాను. ట్రాలీ ఊగలేదు.

లోపలికి వచ్చి డైరీ తీశాను. వెనక్కి తిప్పితే, ఇరవయ్యో తారీకు పేజీలో నేను ఎక్సిలు అని రాసిన ప్రతిచోటా సన్నటి పెన్సిలు గీత. పైన ఇరుసు అని ఉంది. అవును, ఇరుసు. ఆ మాటే.

పద్దెనిమిదో తారీకు పేజీలో, నాలుగో తరగతి పక్కన, నా రాతకంటే వంకర అక్షరాలు.

నాది మూడే తల్లీ.

మామగారూ, ఇది కూడా చదువుతారని తెలుసు. ఆ ఒక్క పేజీ నేను చింపి దాచుకున్నాను. మిగతాది చదవడం అయ్యాక పెరట్లో నీళ్ళపొయ్యిలో పెట్టెయ్యండి.