దీవెన చెప్పమన్న మాట

కోరుట్ల,
ఆదివారం, చర్చికెల్లి అచ్చినంక.

బావా,

యేసయ్య పేరున నీకు వందనాలు. ఈడ నేను, అత్తమ్మ పానంతోని మంచిగనే ఉన్నం. గా మస్కట్ ఎండల నువ్వు సల్లగ ఉండాలెనని పొద్దుమాపు దేవుణ్ణి అడుగుతున్న.

మీ క్యాంపుల ఉండే తిరుపతన్న సెలవు మీద అచ్చి నీ ఉత్తరం, ఖర్జూరాల డబ్బ ఇచ్చిపోయిండు. రోజు ఫోన్ల మాట్లాడుకునేటోళ్లం, నువ్వు కాయితం మీద రాస్తవని అనుకోలే. "ఫోన్ల అడుగుదామంటె గొంతు పడిపోతంది సరితా" అని రాసినవు. నాది గూడ గదే బాధ. తిరుపతన్న బుధవారం మల్ల పోతండట, గీ ఉత్తరం ఆయన చేతికే ఇస్త.

అత్తమ్మ బీపీ గురించి అడిగినవు. జగిత్యాల డాక్టర్ గోలీలు మార్చిండు, ఇప్పుడు నయమే. ఖర్జూరాలు ఆమె నోట్లె రెండన్న పడ్డయో లేదో, "మా సతీశ్ పంపిండు" అనుకుంట వాడకట్టంత పంచింది. బుగ్గారంల మా నాయిన ఇంక కైకిలి పనికి పోతనే ఉన్నడు, వద్దంటె ఇనడు. నేను బీడీలు చేసుడు మల్ల మొదలువెట్టిన. మన దీవెన బట్టలు ఏంజేసినవని అడిగినవు. ఎవ్వరికీ ఇయ్యలే. పచ్చ గౌను ఒక్కటి నా దిండు కింద ఉంటది. నువ్వు అచ్చినంక మిగిలినయి ఏంజేద్దమో ఇద్దరం కలిసి అనుకుందం.

అక్క కాడ ఆర్నెల్లు ఎందుకున్నవని గూడ అడిగినవు. ఫోన్ల ఎన్నడు సక్కగ చెప్పలే, ఇప్పుడు చెప్త.

బిడ్డను మట్టిల పెట్టినప్పుడు నువ్వు ఫోన్ల చూస్తివి. నేను ఈడ పిడికెడు మట్టి ఏసిన. ఇంటికి అచ్చినోళ్లంత "దేవునికి ఇష్టమైంది, గందుకె తీస్కపోయిండు" అన్నరు. నాకంటె ఎక్కువ ఇష్టమా ఆయనకు? గా మాట ఇన్నకాడికెల్లి చర్చికి పోలే. బైబిల్‌ను సందుగల ఏసి మూత పెట్టిన. అన్నం గూడ తినక నేను ఎండిపోతుంటె సంగీతక్క అచ్చి సిరిసిల్లకు తీస్కపోయింది.

ఆడ దినమంత సాంచాల చప్పుడు. గా మగ్గాల మోతల ఎంత ఏడ్చినా ఎవ్వలకు ఇనబడదు, గందుకె నాకు గా ఊరు నచ్చింది. అక్క పక్కింట్ల వజ్రమ్మ అని ఒక ముసలామె ఉంటది, సాంచాలకు నూలు కండెలు చుడుతది. ఆమెకు ఒక్కడే కొడుకు, రాజమల్లు. ఆరేండ్ల కింద బండి మీదికెల్లి పడి పానం ఇడిసిండట. ఆమె రోజు నా పక్కకు అచ్చి కూసుండేది. ఏడ్వకు అని ఒక్కనాడు అనలే. ప్రార్థన చేస్కో అని గూడ అనలే.

ఈస్టర్ ముందటి శ్రమల దినాలు మొదలైనంక ఒక శుక్రవారం నాడు, "నాకు మోకాళ్లు నొస్తున్నయి బిడ్డా, చర్చిదాక చెయ్యి పట్టుకోను మనిషి గావాలె" అన్నది. ఆమె కోసం పోయిన బావా, దేవుని కోసం కాదు. ఆడ అందరు కండ్లు మూసుకొని ఎవలకు వాళ్లు ప్రార్థన చేస్తుంటె, వజ్రమ్మ పెద్ద గొంతుతోని దేవునితోని కొట్లాట పెట్టుకున్నది.

"నా కొడుకును ఎందుకు తీస్కపోయినవో ఆరేండ్లాయె, ఒక్క మాట చెప్పకపోతివి ప్రభువా. చెప్పెదాక అడుగుత. యాడికి పోతవో పో, నేను మాత్రం నీ కాడనే కూసుంట" అన్నది. అని, కొంగుతోని కండ్లు తుడుసుకొని, అందరితోని పాట అందుకున్నది.

దేవుణ్ణి గట్ల అడుగవచ్చని నాకు గప్పటిదాక తెల్వది. కోపమొచ్చినోళ్లు దూరం పోవుడే అనుకున్న. మల్ల శుక్రవారం పోయిన, గా పై శుక్రవారం గూడ పోయిన. గా మూడో శుక్రవారం నా నోరు తెరుసుకున్నది. ఎందుకిచ్చినవు, ఎందుకు తీసుకున్నవు అని మొత్తుకున్న. మొత్తుకుంట మొత్తుకుంట, ఎవ్వలకు చెప్పని మాట ఒకటి దేవుని ముంగట కక్కిన. చుట్టున్నోళ్లు ఒక్కలు గూడ మల్లి చూడలే. వజ్రమ్మ నా వీపు మీద చెయ్యి పెట్టింది.

దేవుడు జవాబేం చెప్పలే బావా. గని ఎవలో నా మాట మొత్తం ఇన్నట్టు, ఇన్నంక గూడ నన్ను ఇడిసిపెట్టనట్టు అనిపించింది. గా దినం ఇంటికి అచ్చి అక్క ఏసిన అన్నం కడుపునిండ తిన్న. ముందటి భక్తి లెక్క కాదు ఇది. ముందట అది ఇయ్యి, ఇది ఇయ్యి అని అడుగుతుంటి. ఇప్పుడు ఆదివారం ఆదివారం పోయి, "నా బిడ్డ నీ కాడున్నది, జెర మంచిగ చూస్కో" అని అప్పజెప్పి అస్త. ఇంటికచ్చెటాళ్లకు గుండె జెర తేలికయితది.

ఇంటికి పయనమైన నాడు వజ్రమ్మ, "దేవునికి చెప్పినవు. ఇగ గా పిల్ల తండ్రికి చెప్పు. ఆయన గూడ ఒక్కడే కుములుతండు" అన్నది. ఈ నెల రోజులు నాకు ధైర్యం రాలే. నీ ఉత్తరంల "దీవెన ఆఖరికి నా గురించి ఏమన్నది, ఎన్నిసార్లు అడిగినా చెప్పవు" అని చదివినంక ఇగ దాయబుద్ధి కాలే.

బిడ్డను జ్వరంతోని దవాఖానల ఏసిన దినం సాయంత్రం నా ఫోన్ల చార్జింగ్ లేకుండె అని నీకు చెప్పిన. అబద్ధం బావా. చార్జింగ్ ఉండె. నన్ను అడుగకుండ ఇంకో రెండేండ్లు ఆడనే ఉంటనని కంపెనీకి సంతకం పెట్టినవని నాకు కోపం. నువ్వు మూడుసార్లు చేసినవు. చప్పుడు బంద్ చేసి, ఫోన్ బోర్లేసిన. దీవెన "డాడీకి వీడియో కాల్ చెయ్యి మమ్మీ" అన్నది. "డాడీ డ్యూటీల ఉన్నడు, రేపు చేద్దం" అన్న. ఉట్టి జ్వరమే గద అనుకున్న. తెల్లారెసరికి దానికి మాట పడిపోయింది.

నీ బిడ్డ మాట నీకు అందకుండ చేసింది నేను. తిట్టాలెనంటె తిట్టు, కొన్ని దినాలు మాట్లాడకున్నా ఓర్సుకుంట. గని రా బావా. ఈ ఇంట్ల దాని పేరు తీసి మాట్లాడుకోను నాకు నువ్వే గావాలె. నువ్వు తలుపు కాడ చెప్పులు ఇడిసే చప్పుడు కోసం నా చెవులు ఎదురుచూస్తున్నయి.

నువ్వు అడిగిందానికి జవాబు గిది. ఫోన్ చెయ్యనన్నంక బిడ్డ నోరు తెరిసి నాకు చూపెట్టింది. కింది పన్ను ఊడిందట, నేను చూడనే లేదు. "డాడీకి చెప్పు, పన్ను ఊడింది, నేను ఏడ్వలే అని చెప్పు" అన్నది.

చెప్తున్న బావా. దీవెనకు మొదటి పన్ను ఊడింది. అది ఏడ్వలే.

ఇట్లు,
నీ మరదలు, మన బిడ్డ తల్లి,
సరిత