సుగుణక్క వీలునామా

మంగళవారం

ఈరోజు సుగుణక్క వీలునామా రాయించింది. ముప్పై ఏళ్లు ఒకే బడిలో పాఠాలు చెప్పినవాళ్లం. సాక్షి సంతకానికే పిలిచిందనుకుని కళ్లజోడు తుడుచుకుని మరీ వెళ్లాను. తీరా అక్క సంతకం చేశాక, వకీలు పెన్ను తీసి పక్కింటి భార్యాభర్తల చేతికిచ్చాడు. చాయ్ కూడా చేదుగా అనిపించింది.

వాళ్లు వెళ్లాక అడిగేశాను. "నేను పరాయిదాన్నైననా అక్కా?"

"పిచ్చిదానా, నీకు నా సైకిల్ రాసిన. మన క్రైస్తవులల్ల సాక్షి సంతకం పెట్టినోళ్లకు రాసిచ్చింది చెల్లదంట. వకీలు సారు చెప్పిండు."

ఆ సైకిల్! హవేలిఘనపూర్ బడికి దాని మీదే వెళ్లేవాళ్లం. పోయేటప్పుడు అక్క తొక్కేది, వచ్చేటప్పుడు నేను. ఒక వానాకాలం వరి మడిలో ఇద్దరం పడి, ఆ బురద చీరలతోనే పిల్లలచేత ప్రార్థన చేయించాం. ఒక్కరూ నవ్వాపుకోలేకపోయారు.

"ఈ వయసుల తొక్కుతవా మరి?" అంది.

"నువ్వు ఎనక కూసుంటే తొక్కుత."

అక్క నవ్వలేదు. నా చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

తను పోయాకే అది నాది అవుతుందట. అందాకా ఎవరు ఆగుతారు? రేపే వెళ్లి టైర్లలో గాలి కొట్టించాలి.