నవలలో మూసిన తలుపు

తార్నాక,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన రమణక్కకు,

నీ చెల్లెలు సరోజ రాసేది. అమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందా? పిల్లలిద్దరూ బడికి పోతున్నారా? నా ఒంట్లో బాగానే ఉంది, భయపడొద్దు. ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. హాస్టల్లో నీళ్లు పొద్దున ఒక్కపూటే వస్తాయి. మెస్సులో చప్పటి సాంబారు తిని తిని, సంగటి ముద్ద కోసం ప్రాణం కొట్టుకుంటోంది. ఎవరైనా ఇటు వస్తుంటే కాస్త చెనిక్కాయల పొడి పంపు. ఇవన్నీ ఓర్చుకోగలను. ఓర్చుకోలేనిది వేరే ఉంది. ఇక్కణ్నుంచి అమ్మకు చదివి వినిపించకు, నువ్వే చదువుకో.

నా ఎం.ఫిల్. ఒక అమెరికా నవల మీద, దాన్ని సినిమాగా ఎలా తీశారన్న దాని మీద అని చెప్పాను గదా. అందులో ఒక నల్లజాతి ఆమె తెల్లవాళ్ల ఇళ్లలో బట్టలు ఉతుకుతుంది. ఒక యజమానురాలు ఉంగరం పోయిందని ఆమె కొడుకును జైల్లో వేయిస్తుంది. అతను అక్కడే చనిపోతాడు. తర్వాత ఉంగరం ఇంట్లోనే దొరుకుతుంది. యజమానురాలు ఏడుస్తూ క్షమాపణ అడగడానికి గుడిసెకు వస్తుంది. నవలలో ఆ తల్లి ఒక్క మాటా మాట్లాడకుండా తలుపు మూసేస్తుంది. సినిమాలో మాత్రం తలుపు తీసి, ఆమెను కావలించుకుంటుంది. వెనక వయొలిన్లు మోగుతాయి. నవలలో ఆ తల్లి చేతులు చాకలి సోడాకు పగిలి నెత్తురు కారతాయి. సినిమాలో ఆ చేతులు తమలపాకుల్లా ఉన్నాయక్కా. గుడిసె కూడా ముచ్చటగా ఉంది.

ఈమధ్య డిపార్ట్‌మెంటులో ఆ సినిమా వేశారు. అందరూ కళ్లు తుడుచుకున్నారు, మా గైడు గారు కూడా. ఆయన చెడ్డవాడు కాదు. నాకు జ్వరమొస్తే ఇంటి నుంచి జావ పంపిన మనిషి. సినిమా అయ్యాక నేను లేచి, "ఆ బిడ్డ చావును ఈ కావలింత కింద పూడ్చేశారు సార్" అన్నాను.

"క్షమించడమే గదమ్మా గొప్పతనం? నీకెందుకంత కోపం?" అన్నారాయన. తర్వాత గదికి పిలిచి, "సినిమా మీద రాసిన చాప్టరులో కోపం తీసేయి. ముగింపులో సినిమానే నవలను మించిందని రాయి. అప్పుడు సంతకం పెడతాను" అన్నారు.

ఎన్నిసార్లు కూర్చున్నా ఒక్క వాక్యం మార్చలేకపోయాను. అన్నం సయించదు. నా రూమ్మేటు, సూర్యాపేట అమ్మాయి స్వరూప, నన్ను హబ్సిగూడ దాకా లాక్కెళ్లి ఇడ్లీ ముందు పెట్టి తిట్టింది.

"ఏందే, గిట్ల తినకపోతే పడిపోతవ్. సార్ చెప్పినట్టు రెండు లైన్లు రాసి పారెయ్యి. డిగ్రీ చేతికొస్తది."

"రాయలేనే."

"ఎందుకు రాయలేవ్? ఆ నవలల ఆమె నీకేమన్న అక్కనా?"

ఆ టిఫిన్ సెంటర్లోనే, అందరి ముందూ ఏడ్చేశాను.

ఆ నవల తెరిచినప్పుడల్లా నువ్వే కనిపిస్తావక్కా. బాల్వాడీలో నువ్వు వండిన ఉప్మాను, మన వాడ మనిషి చెయ్యి తగిలిందని పెద్దింటామె బయట పారబోయించింది. పంచాయతీ పెట్టి ఆమె చేత నీకొక చీర ఇప్పించారు. "అయిందేదో అయిపాయ, ఇంక కలిసి పొండి" అన్నారు పెద్దలు. నువ్వు తల వంచుకుని నిలబడ్డావు. ఊరంతా సంతోషపడింది.

సోమవారం సార్ ఇంటికి పోయి, మార్చలేనని చెప్పేశాను. "అయితే వేరే గైడును చూసుకోమ్మా" అన్నారాయన. నేను అడిగినవాళ్లంతా ఆయన పేరు వినగానే తప్పుకున్నారు. ఎవరూ ఒప్పుకోకపోతే హాస్టలు ఖాళీ చేయాలి, ఇన్నేళ్ల చదువూ గంగలో కలిసినట్టే. నిన్న సాయంత్రం తార్నాక చౌరస్తాలో బస్సుల్ని చూస్తూ నిలబడ్డాను. ఊరికి వచ్చేయాలనిపించింది. వచ్చి అమ్మకు ఏమని చెప్పను? దారి తోచడం లేదక్కా.

నాకు ధైర్యం చెప్పొద్దు. సార్‌తో రాజీ పడమనీ రాయొద్దు. ఒక్కటి చెప్పు. పంచాయతీలో నిన్నెవరూ అడగలేదు, ఇంటికొచ్చాక మేమూ అడగలేదు. నువ్వు ఆమెను క్షమించావా?

అమ్మకు, బావకు నా దండాలు. పిల్లల్ని ముద్దాడినానని చెప్పు. ఒంట్లో బాగానే ఉందని అమ్మకు మళ్లీ చెప్పు. మీ అందరి దీవెన నాకు కావాలి.

నీ చెల్లెలు,
సరోజ