కాలవలో ఉతికిన తెర

గుడివాడ,
బుధవారం.

నాన్నగారికి, అమ్మకి సుబ్బులు నమస్కరించి రాస్తున్నాను. నేను కులాసా. నాన్నగారి దగ్గు తగ్గిందా? ఉత్తరం చదివి వినిపించే మాస్టారికీ నమస్కారాలు. మాస్టారూ, మధ్యలో నాన్నగారు కోప్పడినా చివరిదాకా చదవండి.

ఇక్కడ వానలు. నేను అద్దెకున్న ఇంటి పిన్నిగారు బాగానే చూస్తున్నారు, పప్పుచారే కాస్త పలచన. సాయంత్రాలు మన ఇంటి అద్దకం అచ్చుల చప్పుడు వినబడక ఏమీ తోచదు. అమ్మ బెంగపడొద్దు.

పాత మునిసిపల్ ఆఫీసును మ్యూజియం చేసే పని ముగింపుకొచ్చింది. ఒక్కో వస్తువుకీ వివరం చీటీ రాయడం నా పని. జనం ఇంకా అర్జీలు పట్టుకుని ఇక్కడికే వస్తున్నారు. నిన్న ఒక ముసలమ్మ రాతి విగ్రహాన్ని చూసి, "కుళాయి సంగతి అడగడానికొస్తే దేవుణ్ణి కూర్చోబెట్టారేంటమ్మా? ఈయనైనా నీళ్ళిప్పిస్తాడా?" అంది.

అసలు సంగతి చెబుతాను. మునుపు మునిసిపల్ సభలు జరిగిన హాలు ఖాళీ చేస్తుంటే బీరువాలో పాత అద్దకం తెర దొరికింది. నిండా దుమ్ము. ప్రారంభానికి శుభ్రంగా ఉండాలని, ఎవరినీ అడక్కుండా కాలవకి తీసుకెళ్ళి, మీరు ఉతికినట్టే పారే నీళ్ళలో జాడించాను. మడత దగ్గర మూరెడు చిరిగింది.

వెంటనే వెళ్ళి మా మ్యూజియం అధికారిగారితో చెప్పాను.

"మ్యూజియం గుడ్డని ఎవరైనా ఉతుకుతారటమ్మా!"

"మా ఇంట్లో ఏ గుడ్డైనా కాలవలోనే పూర్తవుతుందండీ."

"అది కొత్త గుడ్డ. ఇది మీ తాతకంటే పెద్దది!"

నన్ను తీసెయ్యమని పైవాళ్ళకి కాగితం రాసి బల్లమీద పెట్టుకున్నారు. రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోనాడు పిలిచి, "ఈ కాగితం పంపేముందు ఆ తెరకి చీటీ రాయి" అన్నారు. గుడ్డని కరక్కాయ నీళ్ళలో ముంచడం, పటిక అద్దడం, ఎర్రరంగుకి చిరివేరుతో కాచడం, అన్నీ రాశాను. చివర, "ఈ చిరుగు ఉతకడం వల్ల పడింది. ఉతికినది నేను" అని నా పేరు పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివారు. "గోడమీద నువ్వే ఒప్పుకున్నాక నేను వేరే రాయడమెందుకు?" అని పైవాళ్ళకి రాసిన కాగితం చింపేశారు. "మరి నల్లరంగు సంగతి రాయలేదేం?"

"ఇనుమూ బెల్లమూ ఎన్నాళ్ళు నానబెట్టాలో నాన్నగారికే తెలుసండీ."

"అయితే ఆయన్ని రమ్మను. ఆ చిరుగుకి ఏం చెయ్యాలో కూడా ఆయనే చెప్పాలి."

నాన్నగారూ, ఆదివారం పొద్దుటి రైలుకి రండి. పనిబట్టలతో వచ్చినా ఫరవాలేదు. 'అంత పెద్ద ఆఫీసులోకి నన్ను రానిస్తారా' అని మీరు ఆలోచించొద్దు. నేను గుమ్మంలోనే నిలబడి ఉంటాను.

నానమ్మకి దణ్ణాలు. మీ దీవెనలు కోరుతూ,

మీ అమ్మాయి
సుబ్బులు